రాయబారి పూచీ

1940 నవంబర్ 20న వియన్నాలో హంగరీ ప్రధాని పాల్ తెలెకి ప్రభుత్వం ఒక సంతకం పెట్టింది. జర్మనీ, ఇటలీ, జపాన్ ఆ సెప్టెంబర్‌లో కుదుర్చుకున్న త్రైపాక్షిక ఒప్పందంలో దాంతో హంగరీ కూడా చేరిపోయింది. అప్పటికింకా హంగరీ ఎవరి మీదా యుద్ధం ప్రకటించలేదు. అమెరికాతో సంబంధాలూ తెగలేదు. అయినా వాషింగ్టన్‌లో ఏడేళ్లుగా హంగరీ రాయబారిగా ఉన్న యానోష్ పెలెన్యీ ఆ సంతకానికి నిరసనగా పదవి వదులుకున్నారు. 1947లో అదే కుర్చీలో ఉన్న అలదార్ సెగెది-మసాక్, బుడాపెస్టులో ప్రభుత్వం మారిన తీరును ఒప్పుకోలేక బయటికొచ్చారు. 1967లో కమ్యూనిస్టు హంగరీ ప్రతినిధిగా వాషింగ్టన్‌లో ఐదేళ్లు గడిపిన యానోష్ రద్వాన్యి అమెరికాను ఆశ్రయం అడిగారు. ఇరవై ఏడేళ్లలో ఒకే పదవిలో పనిచేసిన ముగ్గురు మనుషులు, మూడు వేర్వేరు ప్రభుత్వాలను కాదనుకున్నారు. చరిత్రకారులు దీన్ని హంగరీ పడిన పాట్లకు గుర్తుగా చూస్తారు. నాకు ఇందులో ఒక పాత ధర్మసందేహం కనిపిస్తుంది. రాజ్యం తరఫున మాట్లాడటమే వృత్తి అయినవాడికి, ఆ రాజ్యం దారి తప్పినప్పుడు ధర్మం ఏమిటి? స్వామిభక్తి ఎంతవరకు సద్గుణం, ఎక్కడినుంచి పాపం? నా ఉద్దేశంలో ఆ గీత ఎక్కడుందో చెప్పడం సాధ్యమే. ప్రభుత్వ విధానం నచ్చకపోవడం దగ్గర ఆ గీత లేదు. తన మాటను నమ్మి ఎదుటివాడు మోసపోతాడని రాయబారికి తెలిసిపోయిన క్షణం దగ్గర ఉంది.

పెలెన్యీది తొందరపాటు కాదని ఆయన ఉద్యోగ జీవితమే చెబుతుంది. జెనీవాలో నానాజాతి సమితి దగ్గర హంగరీ ప్రతినిధిగా పనిచేసి, 1933లో వాషింగ్టన్ వచ్చారు. ఆ రోజుల్లో హంగరీ రాయబారి ఏ దేశంలో ఉన్నా వినిపించవలసిన మొర ఒకటే. 1920 నాటి ట్రియనాన్ సంధిలో దేశానికి మూడింట రెండు వంతుల నేల పోయింది, ముప్పై లక్షలకు పైగా హంగేరియన్లు పరాయి సరిహద్దుల్లో మిగిలిపోయారు, ఈ అన్యాయాన్ని సరిదిద్దండి. ఆ మొరలో నిజం లేకపోలేదు. అయితే దాన్ని ఆలకించిన చెవి హిట్లర్‌ది. 1938 నవంబర్‌లో స్లొవేకియా దక్షిణ భాగం, 1940 ఆగస్టులో ఉత్తర ట్రాన్సిల్వేనియా హంగరీకి తిరిగొచ్చాయి. రెండుసార్లూ తీర్పు చెప్పింది జర్మనీ, ఇటలీలే. వచ్చిన ప్రతి జిల్లాతోపాటు బెర్లిన్‌కు చెల్లించాల్సిన బాకీ కూడా పెరిగింది. ఇది ఎటు పోతుందో పెలెన్యీ 1939లోనే పసిగట్టారు. జర్మనీ దేశాన్ని మింగేసే పరిస్థితి వస్తే చట్టబద్ధమైన ప్రభుత్వం ఒకటి పశ్చిమ దేశాలకు తరలిపోవాలని, అందుకు ముందే ఏర్పాట్లు చేసుకోవాలని సూచించారు. తెలెకి ఒప్పుకున్నారు. 1940 మొదట్లో 50 లక్షల డాలర్లు గుట్టుగా అమెరికా చేరాయి. ఆ వేసవిలో ఫ్రాన్స్ కూలుతుంటే తెలెకి ధైర్యం కూడా సడలింది. పథకం పక్కకు పోయింది, డబ్బు వెనక్కి పోయింది. అప్పుడు కూడా పెలెన్యీ పదవిలోనే ఉన్నారు. సలహా ఇచ్చారు, కాదన్నప్పుడు తలవంచారు, తనకు నచ్చని విధానాన్ని కూడా మోశారు. హంగరీ ఇంకా తన కాళ్ల మీద నిలబడి ఉందని వాషింగ్టన్‌లో చెప్పగలిగినంతకాలం చెప్పారు. నవంబర్ సంతకం తర్వాత ఆ మాట చెప్పడానికి ఆధారం లేకుండా పోయింది.

రాయబారి ధర్మం గురించి మన దగ్గర ఆలోచన తక్కువేమీ జరగలేదు. కౌటిల్యుడు దూతలను మూడు తరగతులు చేశాడు. పూర్తి అధికారంతో వెళ్లే నిసృష్టార్థుడు, నిర్ణీతమైన పని మీద వెళ్లే పరిమితార్థుడు, రాజు లేఖను మోసుకెళ్లి ఇచ్చే శాసనహరుడు. ప్రాణం మీదికొచ్చినా రాజు చెప్పిన మాట చెప్పినట్టే చెప్పాలన్నాడు. దూతను చంపరాదన్న నియమానికి కూడా ఇదే మూలం. లంకలో హనుమంతుణ్ణి చంపబోతే విభీషణుడు అడ్డుపడింది ఈ న్యాయంతోనే. దూత మాట దూతది కాదు, పంపినవాడిది. ఈ వాదాన్ని చివరిదాకా లాగితే రాయబారికి పాపపుణ్యాల బెడదే ఉండదు. మాట తనది కానప్పుడు అబద్ధమూ తనది కాదు గదా! రాజీనామాను తప్పుపట్టేవాళ్ల బలమైన వాదం ఇదే. కానీ ఇది శాసనహరుడికి సరిపోయే వాదం. ముద్ర వేసిన లేఖ తెచ్చి ఇచ్చేవాణ్ణి ఎవరూ నమ్మనక్కర్లేదు, లేఖను నమ్మితే చాలు. ఏడేళ్లు ఒకే ఊళ్లో ఉండి, విదేశాంగ శాఖ అధికారులతో భోజనాలు చేసి, తన పేరుతో, తన ముఖంతో పరపతి సంపాదించుకున్న రాయబారి సంగతి వేరు. అప్పు తీసుకునేవాడి పక్కన నిలబడి పూచీ పడే మనిషి లాంటివాడతను. డబ్బు అతనిది కాదు, అవసరమూ అతనిది కాదు. అయినా అప్పిచ్చేవాడు చూసేది అతని ముఖం. అప్పు ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని తెలిసీ పూచీ పడితే, సంతకం నాది కాదుగదా అని తప్పించుకోవడానికి వీల్లేదు. నమ్మించింది తనే.

ఈ పూచీ విలువ ఎంతో కొలిచి చూపించే సందర్భం ఒకటి చరిత్రలో ఉంది. 1946 వేసవిలో హంగరీ డబ్బు చరిత్రలో ఎక్కడా లేనంతగా పతనమైంది. కాగితం నోటు మీద సున్నాలు పెరగడమే తప్ప దానికి రొట్టెముక్క రాని స్థితి. హంగరీ జాతీయ బ్యాంకు బంగారం నిల్వ ఏమో యుద్ధం చివర్లో దేశం దాటి ఆస్ట్రియాలో అమెరికా సైన్యం చేతికి చిక్కింది. ఆ ఏడు మొదట్లో వాషింగ్టన్ వచ్చిన కొత్త రాయబారి సెగెది-మసాక్. జూన్‌లో ప్రధాని ఫెరెంత్స్ నాగి స్వయంగా వచ్చి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌ను కలిశారు. బంగారం తిరిగి ఇస్తామని అమెరికా ఒప్పుకుంది. మూడు కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆ బంగారం ఆగస్టులో బుడాపెస్టు చేరింది. అదే నెల ఒకటో తేదీన మొదలైన కొత్త నాణెం ఫోరింట్‌కు అదే దన్ను. సోవియట్ సైన్యం తిష్ఠ వేసి ఉన్న దేశానికి అమెరికా అంత బంగారం ఎందుకిచ్చింది? 1945 ఎన్నికల్లో ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం అక్కడ ఉందని, అది నిలబడుతుందని ఆశ పెట్టుకుంది గనక. ఆ ఆశకు వాషింగ్టన్‌లో ఉన్న మానవరూపం రాయబారి. ఏడాది తిరగలేదు. 1947 మే నెలాఖరులో నాగి స్విట్జర్లాండ్‌లో సెలవులో ఉండగా బుడాపెస్టులో కమ్యూనిస్టులు ఆయన మీద కుట్ర నేరం మోపారు. తిరిగొస్తే జైలు, రాకపోతే పదవికి రాజీనామా. దేశంలోనే ఉండిపోయిన ఆయన చిన్న కొడుకును సరిహద్దుకు తెచ్చి అప్పగించిన తర్వాతే రాజీనామా పత్రం చేతులు మారింది. పసివాణ్ణి ఎదురుబెట్టి తీసుకున్న ఆ కాగితాన్ని చట్టబద్ధమైన ప్రభుత్వ మార్పుగా అమెరికాకు వివరించవలసిన పని సెగెది-మసాక్ మీద పడింది. ఆయన ఆ పని చేయలేదు. ఎవరి పేరు మీద పూచీ పడ్డారో ఆ మనుషులే లేరు. వాళ్ల చోట కూర్చున్నవాళ్లకు ఆ పూచీ బదిలీ చేయడం అమెరికాను మోసగించడమే కాదు, హంగరీ ఓటర్లను కూడా మోసగించడమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. రాయబారిని జడ్జిగా ఎవరు నియమించారు? దేశానికి ఏది మంచిదో తేల్చడానికి ప్రభుత్వాలున్నాయి. ప్రతి అధికారీ తన మనస్సాక్షిని తక్కెడగా పెట్టుకుని తూచడం మొదలుపెడితే రాజ్యమే నడవదు. నిజమే. మనస్సాక్షి పేరుతో అహంకారం ఊరేగడం మనం చూడనిది కాదు. అందుకే గీతను విధానం దగ్గర గీయకూడదంటున్నాను. దేశం ఏ దారిన పోవాలో తేల్చే హక్కు రాయబారికి లేదు. తన నోట ఏ మాట రావాలో తేల్చే హక్కు మాత్రం అతనిదే, దాన్ని ఏ ప్రభుత్వమూ కొనలేదు. పైగా లేచి వెళ్లే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. మన భారతంలో సంజయుడు చేసింది అదే. పాండవులకు సెంటు భూమి ఇస్తానని కూడా చెప్పకుండా, శాంతంగా ఉండమన్న ఉత్త మాటలతో ధృతరాష్ట్రుడు అతణ్ణి పంపాడు. వెళ్లి చెప్పవలసింది చెప్పాడు. తిరిగొచ్చి ఆ రాత్రే రాజును ముఖం మీదే నిందించాడు. పంపినవాడికి నిజం చెప్పడం కూడా దూత ధర్మంలో సగం. సంజయుడు కొలువు వదల్లేదు గదా అని అడగవచ్చు. అతని మాట వినే రాజు, విన్నా మారని రాజు, కనీసం ఎదురుగా ఉన్నాడు. పెలెన్యీ కూడా 1939 నుంచి ఆ సగం ధర్మం నిర్వర్తిస్తూనే వచ్చారు. ఆ తలుపు మూసుకున్నాకే రెండో సగం మిగిలింది.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. లోపల ఉన్నవాడే ఏదైనా మంచి చేయగలడు, బయటికి పోయినవాడు చేతులు శుభ్రంగా ఉంచుకోగలడు, అంతే. దీనికి సాక్ష్యం సెగెది-మసాక్ జీవితంలోనే ఉంది. 1943లో హంగరీ హిట్లర్ పక్షాన యుద్ధంలో ఉండగా ఆయన బుడాపెస్టు విదేశాంగ శాఖలో రాజకీయ విభాగం అధిపతి. ప్రధాని కాలయి ప్రభుత్వం బ్రిటన్, అమెరికాలతో రహస్యంగా నడిపిన సంధి ప్రయత్నాల్లో ఆయనకు ముఖ్యమైన పాత్ర ఉంది. పగలు జర్మనీకి మిత్రుడు, చాటున శత్రువులతో మాటలు. 1944 మార్చి 19న జర్మన్ సైన్యం దేశాన్ని ఆక్రమించాక ఆయన్ని పట్టుకుని డాహావ్ నిర్బంధ శిబిరానికి పంపారు. అబద్ధానికి పూచీ పడరాదన్న నా నియమం ప్రకారం ఆయన జర్మన్లతో ఆడిన దాగుడుమూతలు తప్పు కావాలి. నేను అలా అనలేను. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. ఎప్పుడూ నిజమే పలుకుతానని వ్రతం పట్టిన ఆ తపస్వి, పారిపోయి దాక్కున్నవాళ్లు ఎటు వెళ్లారో దొంగలకు ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు చచ్చారు, అతను నరకానికి పోయాడు. దొంగకు నిజం బాకీ లేదు. నమ్మకం అనేది ఇచ్చిపుచ్చుకునేది. మెడ మీద కత్తి పెట్టినవాడికి మన మాట మీద హక్కు ఉండదు. కాబట్టి లోపల ఉండి పనిచేయడం తప్పన్న నియమం నేను పెట్టడం లేదు. ఎవరిని నమ్మిస్తున్నాం, ఆ నమ్మకం వల్ల నష్టపోయేది ఎవరు అన్నదే ప్రశ్న. 1943లో ఆ ప్రశ్నకు జవాబు సెగెది-మసాక్‌ను లోపల ఉండమంది. 1947లో అదే ప్రశ్న ఆయన్ని బయటికి పొమ్మంది.

తెలెకి మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన మరో దారి తొక్కారు. త్రైపాక్షిక ఒప్పందంలో చేరిన నెలలోపే హంగరీ యుగోస్లావియాతో శాశ్వత స్నేహ ఒప్పందం చేసుకుంది. నాలుగు నెలలు గడవకముందే యుగోస్లావియా మీద దాడికి కలిసి రమ్మని హిట్లర్ అడిగాడు. 1941 ఏప్రిల్ 3న తెలెకి తన ప్రాణం తానే తీసుకున్నారు. దేశాధిపతి హోర్తికి రాసిపెట్టిన ఉత్తరంలో మనం మాట తప్పామని, దుర్మార్గుల పక్షం చేరామని, నిన్ను ఆపలేకపోయిన నేరం నాదని రాశారు. చాలామంది హంగేరియన్లకు అది బలిదానం. ఆ బాధ నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ మరణం ఇచ్చిన మాటను నిలబెట్టలేదు, పెట్టిన సంతకాన్ని చెరపలేదు. కొత్త ప్రధాని బార్దోషి వచ్చారు, ఏప్రిల్ 11న హంగరీ సేనలు సరిహద్దు దాటాయి. ఇంకో సంగతి మరవకూడదు. 1939 మేలో యూదుల బతుకుదెరువును కత్తిరించిన చట్టం ఈ తెలెకి హయాంలోనే అమలుకొచ్చింది. ఆ రోజు ఆయన్ని మనస్సాక్షి అడ్డుకోలేదు. పరాయి దేశానికిచ్చిన మాట తప్పడం ప్రాణాంతకంగా తోచినవాడికి, సొంత పౌరులకు రాజ్యం ఇచ్చిన మాట తప్పడం అలా తోచలేదు. బతికుండి నవంబర్‌లోనే ఆ సంతకం వద్దని చెప్పి ఉంటే ఆయన చేసిన పని ఎక్కువ మందికి అర్థమయ్యేది. వాషింగ్టన్‌లో ఆయన కింద పనిచేసిన ఉద్యోగి ఆ మాట చెప్పగలిగారు గనక, అది అసాధ్యమని అనలేం.

ముగ్గురిలో చిక్కుముడి రద్వాన్యి. 1956 విప్లవాన్ని సోవియట్ ట్యాంకులు తొక్కేశాక గద్దెనెక్కిన కాదార్ ప్రభుత్వానికి ఆయన ఉద్యోగి. ఐక్యరాజ్యసమితిలో ఏటేటా చర్చకొచ్చే 'హంగరీ సమస్య'ను ఎజెండా నుంచి తప్పించేందుకు 1962లో అమెరికాతో జరిగిన బేరంలో పాలుపంచుకున్నారు. అందుకు బదులుగా 1963 మార్చిలో క్షమాభిక్ష ప్రకటించారు, విప్లవ ఖైదీలు వేలమంది ఇళ్లకు చేరారు. అన్యాయపు ప్రభుత్వానికి పరువు కట్టబెట్టిన బేరమే జైలు తలుపులూ తెరిచింది. అక్కడ మాట నిలబడింది, పూచీ వమ్ము కాలేదు. తర్వాతి ఘట్టం వేరు. 1965 అక్టోబర్‌లో హంగరీ విదేశాంగ మంత్రి యానోష్ పేతెర్ న్యూయార్క్‌లో అమెరికా విదేశాంగ మంత్రి డీన్ రస్క్‌ను కలిసి, ఉత్తర వియత్నాం మీద బాంబులు కొన్ని వారాలు ఆపితే హనోయి చర్చలకు వస్తుందని నమ్మబలికారు. ఈ పేతెర్ ఒకప్పుడు ప్రొటెస్టెంటు చర్చి బిషప్. డిసెంబర్ 24 నుంచి 37 రోజులు అమెరికా దాడులు ఆపింది. ఆ రోజుల్లో రస్క్‌కూ బుడాపెస్టుకూ మధ్య కబుర్లు మోసింది రద్వాన్యి. చర్చలు మాత్రం జరగలేదు. హనోయి నుంచి అలాంటి అధికారమేదీ పేతెర్‌కు లేదని, మాట ఉత్తదని రద్వాన్యి తర్వాత తన పుస్తకంలో రాశారు. అదే నిజమైతే, లక్షల ప్రాణాలు తూగుతున్న తక్కెడలో ఖాళీ రాయబారాన్ని ఆయన చేత మోయించారు. తెలియక మోసినవాడికి దోషం లేదు. తెలిశాక కూడా అదే నోటితో ఇంకో కబురు చెప్పడమంటే ఆ దోషంలో భాగం పుచ్చుకోవడమే. 1967 మేలో ఆయన ఆశ్రయం అడిగినప్పుడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని అన్నవాళ్లది పూర్తిగా తప్పు కాదు. 1956 తర్వాత ఆ ప్రభుత్వం ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. ఆలస్యానికి మార్కులు తగ్గించవలసిందే. కానీ ఆలస్యమైంది గనక ఇక అబద్ధంలోనే ఉండిపోవాలనే తర్కం మాత్రం ఎక్కడిది?

ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెతను మనవాళ్లు విభీషణుడి మీద వాడినట్టే, హంగరీలో ఇలాంటివాళ్లను ద్రోహులన్నారు. ఈ నింద నాకు కొంత న్యాయంగానే కనిపిస్తుంది. వదిలి వెళ్లడం వేరు, వెళ్లి అవతలి గుడారంలో కూర్చోవడం వేరు. పూచీ ఉపసంహరించుకున్నవాడికి గుట్టు అమ్ముకునే హక్కు రాదు. ఆశ్రయం కోరిన దేశంలో ఈ రెండిటినీ విడిగా ఉంచుకోవడం రద్వాన్యికి కష్టం, అందుకే ఆయన విషయంలో నా తీర్పు మెత్తబడదు. పెలెన్యీ మీద ఆ మచ్చ లేదు. పదవి వదిలాక డార్ట్‌మత్ కాలేజీలో పాఠాలు చెప్పుకున్నారు. పశ్చిమాన ప్రభుత్వం పెట్టాలన్న ఆ రహస్య పథకం గురించి 1964లో ఒక చరిత్ర పత్రికలో వివరంగా రాశారు. అప్పటికి తెలెకి పోయి ఇరవై మూడేళ్లు, ఆ రాజ్యమే లేదు. అమెరికాలో క్షేమంగా ఉండి రాజీనామా చేయడం సులువేనని కూడా అంటారు. సులువే కావచ్చు. బుడాపెస్టులో ఉండి అదే పని చేసినవాళ్ల త్యాగం పెద్దది. సులువైనంత మాత్రాన కర్తవ్యం కర్తవ్యం కాకుండా పోదు. సులువైన చోట కూడా చేయనివాళ్లే ఎక్కువ.

మిగిలింది ఫలితం లేదన్న మాట. పెలెన్యీ రాజీనామాతో హంగరీ వెనుదిరగలేదు. 1944 మే నుంచి జూలై లోపు నాలుగు లక్షల మందికి పైగా యూదులను హంగరీ పోలీసులే రైళ్లెక్కించి జర్మన్లకు అప్పగించారు. సెగెది-మసాక్ వెళ్లిపోయినా కమ్యూనిస్టు పాలన 1989 దాకా సాగింది. దేశం దిశ మార్చడం రాయబారి చేతిలో ఉన్న పని కాదు, ఆ పని చేయలేదని అతణ్ణి తప్పుపట్టనూ కూడదు. అతని చేతిలో ఉన్నది ఒక్కటే, ఆ దిశకు తన పేరు అడ్డుపెట్టుకోనివ్వకపోవడం. 1941 డిసెంబర్‌లో హంగరీ అమెరికా మీద యుద్ధం ప్రకటించింది. ఏడేళ్లపాటు వాషింగ్టన్‌లో హంగరీ మంచితనానికి పూచీ పడిన మనిషి పేరు ఆ ప్రకటన వెనక లేదు. ఆయన చేసింది సరైన పని, సరైన సమయంలో చేశారు.